మన మెయిళ్లు: దండోరా ఎప్పుడు, డైజెస్ట్ ఎప్పుడు

(శుక్రవారం సత్సంగం తర్వాత జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన కుటుంబాల కోసం పూర్తి పాఠం ఇస్తున్నాం.)

 

ప్రసాదానికి ముందే మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. ప్రసాదం అయ్యాక ఈ-మెయిల్ గురించి వినడానికి ఎవరూ మిగలరని ఆయన అనుభవం. లోపలి నుంచి పులిహోర వాసన నాకూ వస్తోంది కాబట్టి ఎక్కువ సాగదీయను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మూడేళ్లుగా మన సమితి మెయిళ్ల పని చూస్తున్నాను. ఈ పని ఎలా జరగాలో చెప్పే ముందు, ఎలా జరగకూడదో చెప్పాలి. అది నా చేతుల మీదుగానే జరిగింది. ఆ కుటుంబం అనుమతితోనే చెబుతున్నాను, పేర్లు మాత్రం చెప్పను.

పోయిన చలికాలంలో ఒక సోమవారం సాయంత్రం. దోహాకి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు, వక్రాలో ఉంటాడు. అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చి మూడు వారాలైంది. భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఆ సాయంత్రం నాన్నగారికి గుండెపోటు వచ్చింది. తమ్ముడు అంబులెన్స్‌లో ఆయనతో వెళ్లాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆమెకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఆ అబ్బాయి ఇంకా మన వాట్సాప్ గ్రూపుల్లో చేరలేదు. అతని దగ్గర ఉన్నది మన సమితి మెయిల్ చిరునామా ఒక్కటే. ఆసుపత్రి వరండాలో కూర్చుని రెండు లైన్లు రాశాడు: అమ్మ ఒక్కతే ఉంది, వక్రాలో ఉండే తెలుగువాళ్లు ఎవరైనా ఈ రాత్రికి తోడు ఉండగలరా అని.

ఆ మెయిల్ మన దగ్గరికి సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకే వచ్చింది. కానీ మీ దగ్గరికి గురువారం సాయంత్రం ఏడింటికి వచ్చింది. ఎందుకంటే అప్పటికి నాలుగు నెలల ముందే నేను మన మెయిళ్లన్నిటినీ వారానికి ఒకసారి వెళ్లే డైజెస్ట్‌గా మార్చాను. గురువారం డైజెస్ట్‌లో అది ఆరో అంశం. దాని పైన పిల్లల శ్లోకాల తరగతి వేళలు, దాని కింద సోఫా అమ్మకం. అప్పటికి నాన్నగారు కాలం చేసి ఒక రోజు దాటింది.

ఆ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో మన సభ్య కుటుంబాలు నాలుగున్నాయి. శుక్రవారం పొద్దున్న నేను ఆ ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి విమానంలో వాళ్లు ఊరికి వెళ్లిపోతున్నారు. నేను ఎవరో చెప్పాను, తప్పు నాదని చెప్పాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "వాడు మెయిల్ పెట్టానన్నాడు బాబూ, ఎవరో ఒకరు వస్తారులే అని అన్నం వండి పెట్టాను" అంది. అంతే. ఆ అన్నం సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. ఈ ప్రసంగం అందుకే.

మీలో కొందరికి సందేహం రావచ్చు: అసలు ఈ డైజెస్ట్ ఎందుకు పెట్టావు అని. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే దండోరా గురించి చెప్పాలి.

మా తాతగారి ఊళ్లో డప్పు కొట్టి దండోరా వేసేవారు. ఎప్పుడో ఒకసారి వేసేవారు కాబట్టి చప్పుడు వినగానే జనం వాకిట్లోకి వచ్చేవారు. అదే డప్పు రోజుకి ఐదుసార్లు మోగితే? మొదటి వారం విసుక్కుంటారు, రెండో వారం తలుపులు వేసుకుంటారు. మన మెయిళ్ల విషయంలో అదే జరిగింది. వినాయక చవితి నుంచి దీపావళి దాకా ప్రతి ప్రకటనకూ ఒక మెయిల్, దానికి సవరణ ఒకటి, సవరణకి సవరణ ఇంకొకటి. దానికి "జై శ్రీరామ్" అని అందరికీ వెళ్లేలా జవాబులు. దసరా నాటికి చాలామంది తలుపులు వేసేసుకున్నారు. తలుపు వేసుకోవడం అంటే, జీమెయిల్‌లో "స్పామ్" బటన్ నొక్కడం.

ఆ బటన్ గురించి మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. దాన్ని మీరు నొక్కితే మీ ఒక్కరి ఇన్‌బాక్స్‌లోనే మార్పు జరుగుతుందని అనుకుంటారు. కాదు. ఆ నొక్కు గూగుల్‌కి ఫిర్యాదుగా చేరుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు కఠినం చేశాయి. మెయిళ్లు పంపేవారి మీద వచ్చే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మెయిళ్లకు మూడు. ఇక 500 చిరునామాల జాబితా తీసుకోండి. ఇద్దరు నొక్కితే చాలు, 0.4 శాతం అయిపోతుంది. అలా పదే పదే జరిగితే, నొక్కనివాళ్లకి కూడా మన మెయిళ్లు స్పామ్ పెట్టెలోకే పోతాయి. ఏకాదశి ఎప్పుడో తెలియలేదని అడిగిన పెద్దావిడ ఏ బటనూ నొక్కలేదు. ఆవిడ తరఫున ఎవరో నొక్కారు.

అందుకని డైజెస్ట్ పెట్టాను. డైజెస్ట్ అంటే ఇంకేమీ కాదు, విడివిడి ఉత్తరాలన్నీ ఒక సంచిలో వేసి ఒకేసారి ఇవ్వడం. నిర్ణీత సమయానికి పంపవచ్చు, లేదా సంచి నిండగానే పంపవచ్చు. పైన విషయసూచిక ఉంటుంది, కావలసింది చదువుకుంటారు. ఫిర్యాదులు తగ్గాయి. నేను సంతోషించాను. సంచిలో ఏ ఉత్తరం ఆగకూడదో మాత్రం ఆలోచించలేదు. చప్పుడు తగ్గించాననుకున్నాను గానీ, నిజంగా అరిచిన మనిషి గొంతు కూడా అదే సంచిలో కట్టేశాను.

ఈ ఇబ్బంది మనతో మొదలైంది కాదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే మెయిల్ పంపాడు. అడగకుండా వచ్చిన మొదటి టోకు మెయిల్‌గా దాన్నే చెబుతారు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు లాయర్లు గ్రీన్ కార్డ్ లాటరీ ప్రకటనను వేల యూజ్‌నెట్ చర్చావేదికల్లో కుమ్మరించారు. గ్రీన్ కార్డ్ పేరు చెప్పి వల వేయడం అప్పటి నుంచే ఉందన్నమాట. "స్పామ్" అనే పేరు డబ్బాలో అమ్మే మాంసం నుంచి వచ్చింది. మనలో శాకాహారులకు కూడా రోజూ వడ్డిస్తున్నారు.

తెలుగువాళ్లు ఈ మెయిల్ గుంపుల్లో ముందే ఉన్నారు. తెర మీద తెలుగు అక్షరం సులభంగా కనపడని 1990ల్లో, విదేశాల్లో చదువుకుంటున్న మనవాళ్లు ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతి తయారు చేసుకున్నారు. యూజ్‌నెట్‌లో తెలుగు వేదికలో పద్యాల మీద, సినిమాల మీద, ఆవకాయ మీద వాదించుకున్నారు. తర్వాత యాహూ గ్రూప్స్‌లో "రచ్చబండ" లాంటివి నడిచాయి. 2020 డిసెంబర్ 15న యాహూ గ్రూప్స్ పూర్తిగా మూతపడింది. ఇన్నేళ్లలో యంత్రాలు మారాయి గానీ కష్టం మారలేదు: అందరికీ చెప్పాలి, ఎవరినీ విసిగించకూడదు.

ఇక మనం ఏం మార్చామో చెబుతాను. కార్యవర్గం ఒప్పుకుంది, ఈ నెల నుంచి అమల్లో ఉంది.

మొదటిది, దండోరా. ఇది నాలుగు సందర్భాల్లో మాత్రమే వెళుతుంది: మరణం, ఆసుపత్రి అత్యవసరం, తోడు లేదా రక్తం కావలసి రావడం, అదే రోజు కార్యక్రమం స్థలం గానీ వేళ గానీ మారడం. సబ్జెక్ట్ లైన్‌లో ముందు "దండోరా" అనే మాట ఉంటుంది. అది డైజెస్ట్ కోసం ఆగదు. సమితి పెట్టెకు వచ్చే ప్రతి మెయిల్‌నూ రోజుకి మూడుసార్లు ఒక మనిషి కళ్లతో చూస్తారు. ఐదుగురం వంతులు వేసుకున్నాం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి. యంత్రానికి ఆ పని అప్పగించం.

రెండోది, ఫోన్. మెయిల్ ఎంత త్వరగా వెళ్లినా నిద్రపోయేవాడిని లేపదు. అందుకని వక్రా, నజ్మా, అబూ హమూర్, అల్ ఖోర్, ఇలా ప్రాంతానికి ఇద్దరి చొప్పున పేర్లు తీసుకున్నాం. ఆ ఇద్దరికీ అర్ధరాత్రి అయినా ఫోన్ వస్తుంది. ఒకరు రాస్ లఫ్ఫాన్ షిఫ్టులో ఉంటే రెండోవారు ఎత్తుతారు. ఆ సమితి ఫోన్ నంబరు ప్రతి మెయిల్ అడుగున, ప్రతి కొత్త సభ్యుడికి వెళ్లే మొదటి స్వాగత మెయిల్‌లో పై లైన్‌లోనే ఉంటుంది. ఆ తమ్ముడికి ఆ రోజు ఆ నంబరు తెలిసి ఉంటే చాలు, నా సాఫ్ట్‌వేర్‌తో పనే లేదు.

మూడోది, గురువారం డైజెస్ట్. పూజల వేళలు, తరగతులు, సేవల జాబితా, అమ్మకాలు, కార్‌పూల్, ఊరికి వెళ్లేవారి సమాచారం అన్నీ ఇందులోనే. సవరణలు వారం మధ్యలో రావు. కార్యక్రమం పెట్టేవారికి నా మనవి: బుధవారం రాత్రిలోగా సరిచూసి పంపండి. ఆలస్యమైతే వచ్చే గురువారమే. "ఈ ఒక్కసారికి" అని దయచేసి అడగకండి. ఒక్కసారి, ఒక్కసారి అంటూనే మనం దసరా దాకా వచ్చాం.

ఇక మీ వైపు చేయవలసినవి. పెద్ద పనులేమీ కావు.

ఒకటి. సమితి చిరునామాను మీ ఫోన్‌లో కాంటాక్ట్‌గా దాచుకోండి. స్పామ్ పెట్టెలో మన మెయిల్ ఉంటే "స్పామ్ కాదు" అని చెప్పండి. జీమెయిల్ స్పామ్ పెట్టెలో ఉన్నవి 30 రోజులకు వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి నెలకి రెండుసార్లయినా తొంగి చూడండి. కంప్యూటర్‌లో ఫిల్టర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. సబ్జెక్ట్‌లో దండోరా అని ఉంటే ఎప్పుడూ స్పామ్‌లోకి పంపవద్దని చెప్పవచ్చు.

రెండు. మా మెయిళ్లు వద్దనుకుంటే, నిజంగా నొచ్చుకోం, అడుగున ఉన్న "జాబితా నుంచి తొలగించు" నొక్కండి. స్పామ్ నొక్కకండి. వెళ్లిపోయే హక్కు మీకుంది. పక్కింటి పెద్దావిడ ఏకాదశి మాత్రం తీసుకుపోకండి.

మూడు. డైజెస్ట్‌కి జవాబిచ్చేటప్పుడు సబ్జెక్ట్ మార్చి, మీరు మాట్లాడుతున్న విషయం రాయండి. పన్నెండు అంశాల డైజెస్ట్ మొత్తాన్ని కింద అతికించి "ఓకే" అని పంపితే, దేనికి ఓకేనో ఆ సోఫాకి కూడా అర్థం కాదు.

నాలుగు. ఇది చాలా ముఖ్యం. ఆహ్వానాలు పదిమందికి పంపేటప్పుడు చిరునామాలన్నీ బీసీసీలో పెట్టండి. అందరి పేర్లూ పైన కనపడేలా పంపిన ఒక మెయిల్ నాలుగు చేతులు మారితే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. మన అధ్యక్షుల వారి పేరుతో కొందరికి మెయిల్ వచ్చింది, గుర్తుందా? మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, అర్జంటుగా గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపండి అని. పేరు ఆయనదే, చిరునామా ఆయనది కాదు. ఇలాంటివి ప్రపంచమంతా గుళ్లకీ, చర్చిలకీ, సంఘాలకీ వస్తాయి. పెద్దల మాట కాదనలేని మన మర్యాదే వాళ్లకి పెట్టుబడి. అందుకే ఒక నియమం పెట్టాం: సమితి ఏ మెయిల్‌లోనూ అర్జంటుగా డబ్బు అడగదు. దండోరాలో డబ్బు మాట గానీ, లింకు గానీ ఉండదు. ఉంటే అది మాది కాదు.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఖతర్‌లో వ్యక్తిగత సమాచార రక్షణకు 2016 నాటి 13వ నంబరు చట్టం ఉంది. ముందుగా అనుమతి తీసుకోకుండా ప్రచార మెయిళ్లు, మెసేజ్‌లు పంపకూడదని అందులో ఉంది. అదే చట్టం మనిషి మత విశ్వాసానికి సంబంధించిన సమాచారాన్ని, ఆరోగ్య సమాచారంలాగే, ప్రత్యేకంగా కాపాడవలసిన వాటిలో చేర్చింది. ఆలోచించండి, మన సభ్యుల జాబితా అంటేనే అలాంటి సమాచారం. కాబట్టి కేటరింగ్ వారికో, రియల్ ఎస్టేట్ స్నేహితుడికో "ఒకసారి ఆ లిస్ట్ ఇవ్వు" అని అడిగితే ఇవ్వలేం. మొహమాటానికి ఇవ్వదగ్గ వస్తువు కాదది.

ఐదు. దొంగ మెయిళ్లు. ఖతర్ పోస్ట్ పేరు పెట్టుకుని పార్సిల్ ఆగిపోయింది, కొన్ని రియాల్స్ కట్టండి అంటారు. ట్రాఫిక్ ఫైన్ ఉంది, ఈ రోజే కడితే తగ్గింపు అంటారు. అడిగేది పది రియాల్స్, కాజేసేది కార్డు నంబరు, ఓటీపీ. ఫైన్ ఉందో లేదో మెట్రాష్ యాప్ మీరే తెరిచి చూసుకోండి. మెయిల్‌లో వచ్చిన దారిలో వెళ్లకండి. పరిచయం లేని దొంగ మెయిల్ అడుగున ఉన్న "తొలగించు" కూడా నొక్కవద్దు. నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాడికి తెలుస్తుంది. అలాంటిదాన్ని నిక్షేపంగా స్పామ్ అని కొట్టండి. ఆ బటన్ ఉన్నది దానికే. తెలిసినవాళ్లకి తొలగింపు, దొంగలకి స్పామ్. ఇంతే గుర్తుంచుకోండి.

ఊళ్లో ఉన్న తమ్ముళ్ల గురించి ఒక మాట. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి ఫోన్లు వస్తుంటాయి: అన్నా, ఖతర్ కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చింది, వీసా ఫీజు కట్టమంటున్నారు అని. కట్టవద్దని చెప్పండి. ఇక్కడి 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు లైసెన్సు ఉన్న ఏజెన్సీలు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఏజెంటు రిజిస్టరైనవాడో కాదో భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. ఖతర్ వీసా సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా ఇండియాలో 1930కి ఫోన్ చేయమనండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండే మన తమ్ముళ్లలో చాలామంది మెయిలే చూడరు. బయలుదేరేటప్పుడు ఏజెంటు తెరిచి ఇచ్చిన జీమెయిల్ ఉంటుంది, పాస్‌వర్డ్ ఏజెంటుకే తెలుసు. అలాంటివారు ఎవరైనా ఉంటే ముందు ఆ పాస్‌వర్డ్ మార్పించండి. వాళ్లకి డైజెస్ట్ ముఖ్యాంశాలు వాట్సాప్‌లో గొంతుతో చదివి పంపడానికి ఇద్దరు అక్కయ్యలు ముందుకొచ్చారు. ఇంకో ఇద్దరు కావాలి.

చివరిగా. ఈ మార్పులన్నిటికీ ఒక ఖరీదు ఉంది, దాచను. నాలుగు సందర్భాలే అన్నా, ఎప్పుడో ఒకసారి అవసరం లేని దండోరా వెళుతుంది. ఎవరికో అర్ధరాత్రి నిద్ర చెడుతుంది. ఆ రోజు మమ్మల్ని తిట్టుకోండి గానీ ఫోన్ ఎత్తడం మానకండి. అనవసరంగా ఒకరు లేవడం కన్నా, అవసరమైనప్పుడు ఎవరూ లేవకపోవడం పెద్ద తప్పు. ఆ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆ అమ్మగారితో పోయిన వారం మాట్లాడాను. మనవరాలు పుట్టిందట. ఈ సంగతులన్నీ చెబితే, "ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వస్తారన్నమాట" అంది. వస్తారండి అన్నాను. ఆ మాట నేను ఒక్కడినే నిలబెట్టలేను. మీరందరూ కలిస్తేనే నిలుస్తుంది.

చెప్పుల స్టాండ్ పక్కన ఒక బల్ల వేశాం. ప్రసాదం తీసుకుని అటు రండి. మనిషికి రెండు నిమిషాలు చాలు: సమితి నంబరు దాచుకోవడం, స్పామ్ పెట్టె చూడడం, మీ ప్రాంతం ఇద్దరి పేర్లు తెలుసుకోవడం. కళ్లజోడు మరిచిపోయిన పెద్దలకి మా పిల్లలు చేసి పెడతారు. వక్రా వాళ్లు ముందు రండి.